రఘునాథపల్లిలో తాళం పడ్డ ఇల్లు

కాశిబుగ్గలో చీరలు నేసే వెంకట్రాజానికి ఇరవై మూడేళ్లు. 1946 ఎండాకాలంలో ఉన్నట్టుండి అతనికి నిద్ర పట్టడం మానేసింది. నాలుగు రోజులు మగ్గం వదల్లేదు. మాటలు ఒకదాని మీద ఒకటి పడేవి. వాడకట్టుకంతా కొత్త మగ్గాలు పెట్టిస్తానన్నాడు. అయిదో రోజు, నేసిన చీరలు దారిన పోయే ఆడవాళ్లకు ఊరికే ఇచ్చేసి, పత్తి అంతా తానే కొంటానని కేసముద్రం రైలెక్కాడు. అక్కడి మార్కెట్లో పత్తి తూచే కాటాల దగ్గర నిలబడి అరుస్తుంటే, తెలిసినవాళ్లెవరో ఇంటికి తీసుకొచ్చారు.

భార్య కట్టమ్మ మొదట్లో నవ్వింది. పెళ్లయిన ఏడాదిన్నరలో అతను అంత హుషారుగా ఉండటం ఆమె చూడలేదు. అది సంతోషం కాదేమోనన్న అనుమానం తర్వాత వచ్చింది.

వానలు మొదలయ్యేసరికి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడు, స్నానం చేయడు. మగ్గం మీది పడుగు దారాలకు దుమ్ము పట్టింది.

"జర లేశి బువ్వ తినరాదు," అంది కట్టమ్మ.

"లేసేటోడు నేను కాదు. గా నేసేటోడు పోయిండు," అన్నాడు.

అతన్ని పెంచిన మేనత్త బక్కమ్మ తాయెత్తు కట్టించింది. దవాఖానలో డాక్టర్ నిద్రకు మందిచ్చి, చిన్నప్పుడేమైనా పెద్ద దెబ్బ తగిలిందా అని అడిగాడు. కట్టమ్మ లేదంది. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చే దారిలో బక్కమ్మే చెప్పింది. వెంకట్రాజానికి ఆరేళ్లప్పుడు వాళ్ల సొంతూరు రఘునాథపల్లిలో ప్లేగు పడింది. జనం ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. తల్లికి జ్వరం. ఆమె ఊపిరి ఆగిందనుకుని, మోయడానికి నలుగురిని తెస్తానని తండ్రి మొగిలయ్య ఇంటికి తాళం వేసి వెళ్లాడు. భయపడి మళ్లీ రాలేదు. వెనక అర్రలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూసుకోలేదు. బక్కమ్మ దగ్గర ఉన్నాడనుకున్నాడు. తండ్రి దగ్గర ఉన్నాడని బక్కమ్మ అనుకుంది. పిల్లవాడు ఎవరి దగ్గరా లేడని తెలిసి రెండో రోజు సాయంత్రం తాళం తీస్తే, చనిపోయిన తల్లి చెయ్యి తన మీద వేసుకుని కూర్చున్నాడు. నెల రోజులు నోరు విప్పలేదు.

"గా ముచ్చట వానికి యాదిల్లేదనుకున్న బిడ్డా," అంది బక్కమ్మ.

ఉంది. కట్టమ్మ మెల్లగా అడిగితే తల్లి గురించి పడుకున్నచోటి నుంచే చెప్పాడు. "అవ్వ మొదటి రోజు మాట్లాడింది. నీళ్లడిగింది. కుండ నాకు అందలే. బయట నాయిన దగ్గినట్టు ఇనిపించింది. పిలిచిన. పిలిచిననో, పిలిచిననుకున్ననో."

దసరా ముందు మొగిలయ్య కొడుకును చూడటానికి వచ్చాడు. ఎప్పటిలాగే గడప దగ్గరే కూర్చున్నాడు. కట్టమ్మ మంచినీళ్లిచ్చి అడిగింది.

"మామా, తాళమేసినంక మల్ల ఇంటి దిక్కు పోయిన్రా?"

"పోలే," అన్నాడు మొగిలయ్య. చెంబు కింద పెట్టాడు. "పోయిన. లోపల సప్పుడైంది. దయ్యమనుకొని ఉరికిన. ఏది నిజమో నాకే సమజైతలేదు బిడ్డా. గప్పటి సంది రెండు తీర్ల యాదికొస్తాంది."

లోపలి నుంచి వెంకట్రాజం అంతా విన్నాడు. ఏం చేస్తాడోనని కట్టమ్మ భయపడింది. అతను లేచి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాకు గూడ గట్లనే ఉంది నాయినా," అన్నాడు. ఆ పూట ఇద్దరూ కలిసి తిన్నారు.

దాంతో జబ్బు పోయిందని బక్కమ్మ వాడంతా చెప్పింది. పోలేదు. మరుసటి ఎండాకాలం మళ్లీ అదే ఉరుకులాట, వానాకాలం మళ్లీ అదే గోడ. తాళం పడ్డ ఆ రెండు రోజుల వల్ల వచ్చిందో, పుట్టుకతో ఉన్నదో, రెండూ కలిశాయో చెప్పలేనన్నాడు డాక్టర్. తన చిన్నప్పుడు, తనకూ మొగిలయ్యకూ తల్లయిన ఆమె కూడా ఇలాగే ఉండేదేమోనని బక్కమ్మకు లీలగా గుర్తు.

కట్టమ్మ మాత్రం కొన్ని కనిపెట్టింది. అతని మాట వేగం పెరిగితే, రాత్రంతా నేయకుండా, మగ్గం మీద పోగు తిప్పే నాడెను పక్కింటి సమ్మమ్మకు దాచమని ఇచ్చేది. మంచం పట్టిన రోజుల్లో పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. లేవమని పోరేది కాదు. ఒకసారి అతనడిగాడు, "నేసేటోడు నేనా, పండుకునేటోడు నేనా?"

"నాకెర్క లేదు," అంది కట్టమ్మ. "ఇద్దరికి బువ్వ పెడుతున్న గద."

1949 నాటికి ఏడాదిలో బాగుండే నెలలు పెరిగాయి. ఆ నెలల్లో తక్కువ మాట్లాడేవాడు, రోజూ కాస్త కాస్త నేసేవాడు. అది నెమ్మదించడమో, మళ్లీ వచ్చేదానికి మొదలో కట్టమ్మకు తెలిసేది కాదు. తెల్లారగానే ముందు అతని ముఖం చూసి, తర్వాత పొయ్యి ముట్టించేది.