సాగనంపినా పోని తల్లి

తొలి కాన్పుకు సిరిసిల్లలోని పుట్టింటికి వచ్చాను. అవి నక్సలైట్ అన్నల రోజులు. చీకటి పడితే బస్సులు తిరిగేవి కావు. అందుకే నెలలు నిండకముందే అవ్వ నన్ను తెచ్చేసుకుంది. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. నేను వచ్చిన కొద్దిరోజులకే ఆమె నడుముకు ఒక పక్క మంటపుట్టి పొక్కులు లేచాయి. చీర అంచు తగిలినా విలవిల్లాడేది. అయినా మగ్గానికి కండెలు చుట్టడం మానదే, మొండిది!

"సర్పి" అన్నారు వాడకట్టు ఆడవాళ్లు. అది నడుము చుట్టి తల, తోక కలిస్తే మనిషి దక్కదని భయపెట్టారు. కుమ్మరాయన వచ్చి పొక్కుల మీద ఎర్రమట్టి జాజు పూసిపోయాడు. తగ్గలేదు. నాకు ఒళ్లు మండి, అవ్వను డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

"చిన్నప్పుడు తల్లి, అదే ఆటలమ్మ, పోసిందా అమ్మా?" అని అడిగాడాయన.

"పోసింది సారూ. గప్పుడే సాగనంపినం."

"పోలేదమ్మా. దాని వైరస్ నరాల మొదట్ల పండుకొని ఉంటది. వయసు మీద పడ్డా, రంది, దిగులు పెట్టుకున్నా ఇన్నేండ్లకు గిట్ల లేస్తది."

అవ్వ ముఖం చూడాలి! వేపాకు నీళ్లు పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి, డప్పులతో ఊరు దాటించిన తల్లి తన ఒంట్లోనే ఉందంటే ఎట్లా ఒప్పుకుంటుంది? "మావోళ్లు ఏం తక్కువ జేసిన్రని పోలేదు సారూ?" అని కొట్లాటకే దిగింది.

డాక్టరు నన్నూ అడిగాడు. నాకు తల్లి పోయలేదని చెప్పాను. ఆ పొక్కులు మాని పక్కులు రాలేదాకా నన్ను గానీ, పుట్టే బిడ్డను గానీ ముట్టుకోవద్దని అవ్వకు గట్టిగా చెప్పాడు. పసిగుడ్డుకు అంటితే ప్రాణం మీదికి వస్తుందన్నాడు.

నొప్పులప్పుడు గది బయట నిలబడి, "ఓర్సుకో బిడ్డా, నేనీడనే ఉన్న" అని అరుస్తూనే ఉంది. పట్టుకోవడానికి ఆమె చెయ్యి లేదని నేను ఏడ్చాను. ఆడపిల్ల పుట్టింది. అవ్వ మనుమరాలిని వాకిట్లో నుంచే చూసేది. ఇరుగుపొరుగు వాళ్లు పాపను ఎత్తుకుంటే, "మెడ కింద చెయ్యి పెట్టుండ్రి" అని కసురుకునేది. పాపం, ఆమె ఆరాటం నాకు తెలుసు.

పక్కులన్నీ రాలి, డాక్టరు సరేనన్న రోజు తలంటుకొని వచ్చి కూర్చుంది. పాపను ఒళ్లో పెట్టాను. గుండెలకు హత్తుకొని వెక్కివెక్కి ఏడ్చింది. ఇక తనను విడిచిపొమ్మని ఆ తల్లికి మొక్కుతుందనుకున్నాను. అవ్వ తన నడుము మీద చెయ్యి వేసుకుంది.

"పోకు తల్లీ. నా పానం ఉన్నన్ని దినాలు నా ఒంట్లనే పండుకో. బయటికచ్చి గీ పిల్లను ముట్టకు."