రానియ్యి అన్నా

మక్తల్‌లో మా చీరల దుకాణానికి వెబ్‌సైటు చేసిపెట్టిన అమ్మాయిది ఒకటే మాట: "రానియ్యి అన్నా." ఆమె నోట రేటు రాకముందే నేను "జర తగ్గించు చెల్లె" అంటే, నవ్వి అదే అంది.

పండుగ ముందు సైటు తెరిచాం. నా ఫోన్‌లో చీరలు ముచ్చటగా ఉన్నాయి. కొనేవాళ్ల ఫోన్లలో మాత్రం నలిగి, అంచులు మాయమయ్యాయి. "గివి చీరలా, ముక్కు తుడుసుకునే దస్తీలా?" అని ఒకావిడ ఫోన్ చేసి మరీ అడిగింది. పండుగ బేరం పోయినట్టేనని ఆ అమ్మాయిని పిలిచాను. ఆమె వచ్చి, సైటు చూసి చెప్పింది:

"బొమ్మ రాకముందే మన కోడు దాని కొలత అడుగుతాంది. బ్రౌజర్ సున్నా అంటాంది, గా సున్నాలకే చీరను ఇరికిస్తాంది. నీ ఫోన్ల బొమ్మ ముందే దిగి ఉన్నది, గందుకే సరిగ్గ చెప్పింది."

"మరెట్ల?"

"రానియ్యి అన్నా. మొత్తం వచ్చినంక అసలు వెడల్పు, ఎత్తు అడుగుదాం. అప్పుడు ఏ బ్రౌజరైనా ఒక్కటే చెప్తది. చుట్టిన బట్ట థాను విప్పకుండ గజాలు కొలుస్తవా నువ్వు?"

కొలవను. గడప దాటకముందే మనిషిని మాత్రం కొలిచేస్తాను; అది మా నాయిన నేర్పిన విద్య.

సాయంత్రానికి అందరి ఫోన్లలోనూ చీరలు అంచులతో సహా పరుచుకున్నాయి. ఫోన్లు మోగడం మొదలైంది. అప్పుడు ఆమె రేటు చెప్పింది. ఈసారి పూర్తిగా రానిచ్చాను. నోటిదాకా వచ్చిన బేరాన్ని మింగి, అడిగినంతా ఇచ్చి, పైన ఒక చీర కూడా పెట్టాను.

ఆ సంగతి మా నాయినకు ఇప్పటికీ తెలియదు.