మూడు స్ప్రింగులు

ఎనభైల నడుమ, తిరుపతిలో మేము అద్దెకున్న మేడ మీదికి బట్టలుతికే మిషను వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకుని మెట్లెక్కుతుంటే, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. దేవస్థానంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. మిషన్ను చూశాడు, దాని వెనకే ఎక్కుతున్న నన్ను చూశాడు.

"చేతులు లేవా ఏమ్మా?" అన్నాడు.

ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచి ఆ చేతులే తెల్లవారకముందే నలుగురి బట్టలు బండ మీద బాది, వంట చేసి, టిఫిన్ క్యారియర్లు సర్ది, తొమ్మిదిన్నరకల్లా ఆడపిల్లల హైస్కూల్లో సుద్దముక్క పట్టుకునేవి. నేను సైన్సు టీచర్ని. చలికాలం వస్తే బట్టల సోడాకు వేళ్ల సందులు పగిలి, బోర్డు మీద రాస్తుంటే మండేవి. అందుకే, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు ఇంట్లో మిషను అమ్ముతున్నారని తెలిసినప్పుడు, మా ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే నేను సరేనని చెప్పి వచ్చేశాను.

అది రెండు తొట్ల మిషను. పెద్ద తొట్టిలో బట్టలు ఉతుకుతుంది. పక్కనున్న చిన్న తొట్టిలో వేస్తే అవి గిర్రున తిరిగి నీళ్లు వదిలేస్తాయి. మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం చిన్న తొట్టి తిప్పగానే మిషనంతా వణకడం మొదలైంది. వణుకు అంటే మామూలు వణుకు కాదు. గోడ పక్కన పెట్టిన మిషను దడదడలాడుతూ బాత్రూము గడప దాకా నడిచి వచ్చేది. నేను దాని మీద రెండు చేతులూ వేసి, బరువంతా మోపి నిలబడేదాన్ని. పళ్లు కూడా టకటకలాడేవి.

రెండో రోజే పెద్దాయన పైకి వచ్చాడు. తల మీద, భుజాల మీద తెల్లటి పొడి.

"పూజలో కూసోనుంటే నెత్తిన సున్నం రాలతా ఉండాది. ఇల్లు కూలిపోతే ఎవురమ్మా కట్టిచ్చేది? ఈ నెలాఖరులోపల అదన్నా పోవాల, మీరన్నా పోవాల."

మా ఆయన నెమ్మదైన మనిషి. గొడవలంటే గిట్టదు. "అమ్మేద్దాంలే," అన్నాడు. అంతకంటే ముందు ఒకసారి మెకానిక్కుకు చూపిద్దామని నేను పట్టుబట్టాను. వీధి చివర రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయన వచ్చాడు. మిషను మీద చెయ్యి పెట్టి, ఒకసారి తిప్పించి, వెంటనే ఆపమన్నాడు.

"లోపల షాఫ్టు వంగిపోయిందన్నా," అన్నాడు మా ఆయనతో. "మద్రాసుకు పంపించాల్సిందే. లేదంటే పాత ఇనుము కింద ఏసేయండి."

"వెనక రేకు ఇప్పి చూడవా అప్పా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఇప్పితే మాత్రం నీకేం తెలుస్తాదక్కా?"

ఆయన వెళ్లిపోయాక ఆ మాట నాతోనే ఉండిపోయింది. ఎందుకంటే నేను పుట్టింది నగరిలో, పవర్లూముల ఇంట్లో. నాయన మగ్గాలు బాగుచేసేవాడు. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే అరుగు మీద కూర్చుని, "మూడో దాంట్లో బోల్టు లూజయింది" అని చెప్పేవాడు. వెళ్లి చూస్తే లూజయ్యే ఉండేది. నేనూ చెప్పగలిగేదాన్ని, కానీ నన్నెవరూ అడగలేదు. "ఆడపిల్ల మిషను కాడికి పోగూడదు, బెల్టులో దావణి చిక్కుకుంటాది" అని నాయన నన్ను మగ్గాల గది గుమ్మం దగ్గరే ఆపేవాడు. చిన్నప్పటి నుంచి ఆ గుమ్మంలోనే నిలబడి వింటూ పెరిగాను.

ఆదివారం పిల్లల్ని మా ఆయనతో పాటు చంద్రగిరి కోట చూడమని పంపించేసి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పనిలో దిగాను.

ముందు నేల చూశాను. మా బాత్రూము నేల తూముకేసి వాలుగా ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి మిషను మీద పెడితే నీళ్లన్నీ ఒక పక్కకు చేరాయి. పాత సైకిల్ టైరు ముక్కలు కోసి రెండు కాళ్ల కింద పెట్టి సమం చేశాను. తిప్పాను. వణికింది. బట్టలు ఒకవైపే పేరుకున్నాయేమోనని అన్నీ తీసేసి వట్టి తొట్టి తిప్పాను. అప్పుడూ వణికింది. పెద్ద తొట్టి తిప్పితే మాత్రం మిషను కదల్లేదు. అంటే జబ్బు చిన్న తొట్టిది, లోపలిది.

ప్లగ్గు పీకేశాను. పిల్లల కంపాసు పెట్టెలోంచి పెన్సిలు తీసి, దాని మొన తొట్టి అంచుకు తగిలీ తగలనట్టు పెట్టి, రెండో చేత్తో తొట్టిని మెల్లగా తిప్పాను. షాఫ్టు వంగి ఉంటే అంచు ఒకచోట మొనను నెట్టాలి, ఇంకోచోట దూరం జరగాలి. మూడుసార్లు తిప్పాను. చుట్టూ ఒకటే దూరం. షాఫ్టు నిక్షేపంగా ఉంది. బాత్రూములో ఒక్కదాన్నే ఉన్నా, "వంగలేదు" అని పైకే అన్నాను.

తరవాత వెనక రేకు విప్పాను. చిన్న తొట్టి కింద మోటారు మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. ఒక్కో కాలి కింద ఒక్కో స్ప్రింగు. రెండు బాగానే ఉన్నాయి. గోడ వైపున్నది తుప్పు పట్టి, రెండు ముక్కలై పక్కకు వాలిపోయింది. దాని పైనే నీళ్లు పోయే గొట్టం. అది తొట్టికి అతికే చోట వేలితో తడిమితే తడి తగిలింది. చుక్కాచుక్కా పడి స్ప్రింగును తినేసింది. మద్రాసు దాకా పోవలసినంత జబ్బు ఇదీ.

విరిగిన ముక్కలు కాగితంలో చుట్టి, మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి, పుత్తూరు మీదుగా నగరి పోయే బస్సెక్కాను. నాయన ఆ ముక్కల్ని అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇదంతా నీకెందుకుమ్మా? మెకానిక్కుకు ఇయ్యకూడదా?"

"ఇచ్చినాను నాయనా. షాఫ్టు వంగిందన్నాడు. వంగలేదు."

"నీకెట్ల తెలుసు?"

పెన్సిలు సంగతి చెప్పాను. నాయన లోపలికి పోయి, పాత మగ్గాల సామాను వేసే రేకు డబ్బా తెచ్చి నా ముందు కుమ్మరించాడు. ఒత్తితే అణిగే రకం స్ప్రింగులు ఒకేలాంటివి మూడు ఏరి, "మూడూ మార్చు" అన్నాడు.

"విరిగింది ఒకటే కదా నాయనా. ఒకటి చాలు."

"నీ ఇష్టం," అన్నాడు.

అది నా మొండితనమే. ఆ మాట ఈరోజుకీ ఒప్పుకుంటాను. ఒకటే తెచ్చుకుని, గొట్టం అతుకు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టి, స్ప్రింగు వేసి తిప్పాను. ఈసారి మిషను ఏకంగా ఎగిరింది. పైన పెట్టిన సబ్బుపెట్టె వెళ్లి బకెట్లో పడింది. నిమిషంలో పెద్దాయన మెట్ల మీద ఉన్నాడు.

"ఆడోళ్లు చెయ్యాల్సిన పనా ఇది? సామాను సర్దుకోండింక."

"నెలాఖరు ఇంకా కాలేదు కదా పెద్దాయనా," అన్నాను. చేతులకు గ్రీజు ఉంది, ముఖానికి కూడా అంటి ఉంటుంది. "మీరు పెట్టిన గడువే. ఆ లోపల నేను దీన్ని ఇక్కణ్ణుంచి తియ్యను."

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. పెద్దాయన వెళ్లాక, "నిజంగా అవుతుందంటావా?" అని అడిగాడు. "అవుతుంది," అన్నాను. ఆ క్షణాన నాకూ నమ్మకం లేదు.

కొత్త స్ప్రింగు తీసి పాతవాటి పక్కన పెట్టుకుని చూస్తే అర్థమైంది. పొడవు సమానమే, తీగ మందం ఎక్కువ. రెండు మెత్తగా అణుగుతుంటే మూడోది అణగడం లేదు. మోటారు ఒక పక్కకు ఒరిగిపోతోంది. తరవాతి ఆదివారం మళ్లీ నగరి పోయాను. వాకిట్లో నన్ను చూడగానే నాయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆరోజు ఏరిన మిగతా రెండూ అందులోనే ఉన్నాయి. తీసి ఇచ్చాడు. "గట్టివి మూడైతే యాడా ఒరగదు," అన్నాడు. తరవాత లోపల ఆడుతున్న మగ్గాల వైపు తల తిప్పి, "రెండోది వినుమ్మా, ఏమైంది దానికి?" అని అడిగాడు.

విన్నాను. నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె, అంచున తన పెట్టెలోకి చేరేటప్పుడు చప్పుడు తేడాగా ఉంది. "నాడె పెట్టెకు తగలతా ఉండాది," అన్నాను. ముప్పై నాలుగేళ్ల వయసులో, నాయన ముందు నడిచి, మొదటిసారి ఆ గుమ్మం దాటాను.

మూడూ మార్చిన రోజు నేనే కిందికి వెళ్లి పెద్దాయన్ని పిలిచాను. తడి దుప్పటి, నాలుగు యూనిఫారాలు చిన్న తొట్టిలో సమంగా సర్ది, నిండా నీళ్లున్న గ్లాసు మూత మీద పెట్టి తిప్పాను. గ్లాసులో నీళ్లు సన్నగా అదిరాయి, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. పెద్దాయన వంగి గ్లాసులోకి చూశాడు.

"కరెంటు బిల్లు ఎక్కువొస్తాదే," అన్నాడు చివరికి.

"మా మీటరు వేరే కదా పెద్దాయనా," అన్నాను.

ఆ ఇంట్లో మేము ఇంకా ఐదేళ్లున్నాం. మెకానిక్కు ఒకరోజు వీధిలో మా ఆయన్ని ఆపి, మిషను ఎవరికి అమ్మారని అడిగాడు. అమ్మలేదు, బాగైందని మా ఆయన చెప్పాడట. "మద్రాసులో ఎవురు చేసినారన్నా?" అని అడిగితే, "మా ఇంట్లోనే, ఆమే చేసింది" అన్నాడట. మెకానిక్కు నమ్మలేదు. మర్నాడు స్కూలు నుంచి వస్తూ నేనే ఆయన అంగడి ముందు ఆగాను. స్టూలు మీద కూర్చున్న మనిషి లేచాడు.

"షాఫ్టు మార్చినారా అక్కా?"

"షాఫ్టుకేం కాలేదప్పా. స్ప్రింగు విరిగింది. నువ్వు రేకు ఇప్పి ఉంటే నీకూ కనపడేది."

నేను స్క్రూడ్రైవర్ల సైజులు అడిగి, అక్కడే ఒకటి కొనుక్కుని ఇంటికి వచ్చాను.