పక్కకి పడిపోయిన పటం

వన్ టౌన్‌లో పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన ఖాళీ పటాల కట్ట ఇవాళ స్టాఫ్ రూములో విప్పగానే ఆ వాసన గుప్పుమంది. చవక కాగితం, సరిగ్గా ఆరని సిరా, కట్టకి చుట్టిన పురికొస, మూడూ కలిసిన వాసన. చిన్నప్పటి నుంచీ నాకీ వాసనంటే ఒళ్ళు మంట. ఏం లాభం, నా బతుకుతెరువు దానితోనే రాసిపెట్టి ఉంది. మల్కాపురంలో ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను.

సోషల్ టీచరు బతుకు ఎలా ఉంటుందంటే, లెక్కల మాస్టారికి సిలబస్ అవకపోతే నా పీరియడ్ తీసుకుంటారు, సైన్సు టీచరు ప్రయోగం సగంలో ఉండగా బెల్లు కొడితే నా పీరియడ్ తీసుకుంటుంది, టీకాలకీ, గ్రూపు ఫోటోకీ, ఆగస్టు పదిహేను డాన్సు ప్రాక్టీసుకీ అన్నిటికీ నా పీరియడే. ఇదేమిటని అడిగితే, "సోషలే కదండీ, వాళ్ళే చదువుకుంటారు" అంటారు. పోనీ మిగిలిన ఆ నాలుగు పీరియడ్లలో పిల్లలైనా వింటారా అంటే, ఆటుపోట్ల గురించి నేను గొంతు చించుకుంటుంటే కిటికీలోంచి కనిపించే ఓడ వైపు ఒక్కరూ తల తిప్పరు కానీ, వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి మాత్రం లేస్తుంది. "టీచర్, ఇది పరీక్షకి వస్తాదా?" ఆ ప్రశ్న వింటే నాకు ఎక్కడ లేని కోపం వస్తుంది. గట్టిగా అరుస్తాను, అరిచాక సిగ్గుపడతాను. ఆ సిగ్గు ఎందుకో చెప్పాలంటే మా అయ్య గురించి చెప్పాలి.

మా ఇల్లు హార్బరు పక్కన ఇసక మీద వరసగా వేసుకున్న తాటాకు ఇళ్ళలో ఒకటి. మా అయ్య తెప్ప మీద వెళ్ళి గేలంతో చేపలు పట్టేవాడు. వానాకాలంలో సముద్రం పొంగి తెప్పలన్నీ ఒడ్డునే పడి ఉంటే ఇంట్లో తడి తాళ్ళ వాసన, పొగచూరిన తాటాకు వాసన, కుండలో దాచిన ఎండు నెత్తళ్ళ వాసన కలిసిపోయి పుస్తకాలకి కూడా పట్టేసేవి, బళ్ళో పక్కపిల్ల ముక్కు మూసుకునేది. ఎండాకాలం వస్తే పొద్దున్నే చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని, గవ్వలతో అష్టాచెమ్మా ఆడుకుని, మధ్యాహ్నానికి ఇసక కాలిపోతుంటే తెప్పల నీడలో దూరి పడుకునేవాళ్ళం. గంగమ్మ పండగకి చలిమిడి, పానకం, వేపాకు కట్టిన తెప్పలు, వాటి మీద పసుపు నీళ్ళు చల్లే ముసలమ్మలు, ఆ రోజు మా అయ్య ఇస్త్రీ లేని తెల్ల చొక్కా వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా సముద్రానికి దణ్ణం పెట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ మాకు ఏడాది పొడుగునా చెప్పుకునేంత సంగతులు.

ఇవేవీ సోషల్ పుస్తకంలో లేవు. ఆ పుస్తకంలో ఒక ఊరు ఉండేది, ఊరికి చెరువు, చెరువు కింద వరి పొలం, పొలంలో నాగలి పట్టుకుని నవ్వుతున్న రైతు. "మన సహాయకులు" అనే పాఠంలో కుమ్మరి, సాలె, కమ్మరి, పోస్టుమాను, డాక్టరు అందరూ అయిపోయాక ఆఖరి మూల ఒక చేపలు పట్టే మనిషి ఉండేవాడు. అతను మోకాళ్ళలోతు చెరువులో నిలబడి వల విసురుతుండేవాడు. అతన్ని చూపించి మా అయ్యని అడిగాను. "ఈడికి జలుబు సేత్తాది" అన్నాడు మా అయ్య.

సోషల్ చెప్పే మాస్టారు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన. వాళ్ళ తమ్ముడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే కుటుంబమంతా ఇటు తరలివచ్చారు. చెడ్డ మనిషి కాదు, బెత్తం తెచ్చేవాడు కానీ ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. కాకపోతే ఆయన ఏ పాఠం మొదలుపెట్టినా అది కాలువగట్టు మీదికే వెళ్ళేది. పంట కాలువలు, లాకులు, కొబ్బరితోటలు. "విశాఖపట్నం సహజ ఓడరేవు" అని మా చేత పదిసార్లు గట్టిగా చదివించేవాడు. సరిగ్గా అప్పుడే రేవులోకి వస్తున్న ఓడ కూత వేసేది, ఆ కూతకి మా చదువు వినపడదని ఆయన కిటికీ మూయించేవాడు. మేమూ అంతే, ఆ వాక్యంలో ఉన్న రేవూ కిటికీ అవతలున్న రేవూ ఒకటేనన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు.

ఏడో తరగతిలో క్వార్టర్లీ పరీక్షలకి నాకు సోషల్లో ఇరవై ఒక్క మార్కులు వచ్చాయి. మిగతావన్నీ గట్టెక్కాయి, ఇదొక్కటే మునిగింది. మా అమ్మ చేపల గంప ఎత్తుకుని రోజూ పూర్ణా మార్కెట్‌కి నడిచేది. మా అక్కని అప్పటికే బడి మాన్పించి వెంట తిప్పుకుంటోంది. నా మార్కుల కాగితం మీద ఎర్ర గీత చూసి ఒకటే మాట అంది.

"ఏడో తరగతి తప్పేవంటే ఇంక బడీ లేదు గిడీ లేదు. గంపెత్తుకుని నాతో రా."

ఉత్తుత్తి బెదిరింపు అయితే ఏడ్చేదాన్ని కాదు. మా అమ్మ ఉత్తుత్తి మాటలు ఆడే మనిషి కాదు.

ఆ సాయంత్రం తెప్పకి ఆనుకుని ఏడుస్తుంటే అయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏటే, ఏటయిందని ఏడుత్తన్నావ్?"

హాఫ్ ఇయర్లీకి మన తీరం పటం గీయమంటారు, రేవూ కొండలూ గుర్తించమంటారు, నాకు రాదు అన్నాను.

"మన ఒడ్డేనా? దానికేటే ఏడుపు. నాను సెప్తాను, సూడు."

తడి ఇసక మీద వేలుతో గీశాడు. కింద సముద్రం, పైన కొండలు. తెప్ప మీద నిలబడి ఒడ్డు వైపు చూస్తే ఎలా కనిపిస్తుందో అలాగే. ఎడమ చేతి వైపు లైట్‌హౌస్ కొండ, దాని పక్కన ఓడలు దూరే సందు, సందు పక్కనే చర్చి కొండ, దర్గా కొండ, ఎంకన్న కొండ మూడూ వరసగా, వెనకాల దూరంగా మబ్బు రంగులో అప్పన్న కొండ, కుడి చేతి చివర భీమిలి. బడి మొహం చూడని మనిషి ఒక్కసారి కూడా చెరపకుండా గీసేశాడు. గీశాక చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. సముద్రంలో తన చోటు ఒకటుందని, నీళ్ళ అడుగున రాతిగుట్ట ఉందని, దాని చుట్టూ కోనాం చేపలు తిరుగుతాయని. చర్చి కొండ జరుగుతూ జరుగుతూ వచ్చి లైట్‌హౌస్ కొండ భుజాన్ని ఆనుకోవాలట, అది ఒక జత. ఇంకో పక్క ఇంకో జత కొండలు అలాగే కలవాలి. రెండు జతలూ ఒకేసారి కుదిరిన చోట గేలం వదలాలి.

ఆ మాట విలువ నాకప్పుడు తెలియదు. మా పేటలో గేలం చోటు ఇల్లు దాటి బయటికి పోనిచ్చేవారు కాదు. ఆడపిల్లకి అసలే చెప్పేవారు కాదు, పెళ్ళయితే చోటు కూడా ఆమెతో పాటు అత్తారింటికి వెళ్ళిపోతుందని భయం. మా అన్నయ్య పెద్ద బోటు మీద కూలికి వెళ్ళేవాడు, అక్కడ వలలే కానీ గేలాలతో పని లేదు, వాడు ఎప్పుడూ అడగలేదు. నేను ఏడుస్తున్నానని మా అయ్య నాకు చెప్పాడు.

హాఫ్ ఇయర్లీలో ఆ ఇసక మీది పటాన్నే కాగితం మీద దించేశాను. కింద సముద్రం, పైన కొండలు, కుడి వైపు ఉత్తరం. జీవితంలో అంత బాగా ఏ పటమూ గీయలేదు. మాస్టారు దాని మీద పెద్ద సున్నా చుట్టి, మీ నాన్నగారిని తీసుకురమ్మన్నారు.

అయ్య పండగ చొక్కా వేసుకుని వచ్చాడు. మాస్టారు మర్యాదగానే గోడకి వేలాడే పటం దగ్గరికి తీసుకెళ్ళి, "ఇదండీ మన తీరం. మీ అమ్మాయి ఇలా కాకుండా సముద్రాన్ని కిందకి తెచ్చేసిందండీ" అన్నారు. అయ్య చాలాసేపు చూశాడు. మెడ ఒక పక్కకి వంచాడు, ఇంకా వంచాడు, భుజం కూడా వంచాడు. అప్పుడు మొహం విప్పారింది.

"ఒడ్డు మనదే బాబూ. పటం పక్కకి పడిపోయుంది."

"లేదండీ, అలాగే ఉంటుంది. పటంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుందండీ."

"పైన ఆకాశం కదా బాబూ ఉంటాది."

క్లాసు క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. నేను నవ్వాను. పక్కపిల్ల నవ్వుతోందని, నవ్వకపోతే ఆయన మా అయ్యేనని ఇంకా బాగా తెలిసిపోతుందని నవ్వాను. అయ్య వంచిన మెడ నిలబెట్టుకుంటూ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే నా ఖర్మ.

ఆ తరవాత పటాలన్నీ మాస్టారి పద్ధతిలోనే నేర్చుకున్నాను, కళ్ళు మూసుకుని గీసేంతగా. పెద్ద పరీక్షలకి వారం ముందు ఒక సాయంత్రం అయ్య మళ్ళీ వచ్చి ఇసకలో కూర్చున్నాడు. కొండలు గీశాడు.

"ఆ రోజు రెండో జత సెప్పలేదు కదా. సూడు, ఇటేపు..."

నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాను. "అది పరీక్షకి రాదు అయ్యా."

అయ్య ఇసక మీది కొండల్ని అరచేత్తో నెమ్మదిగా చదును చేసి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ గీయలేదు, నేనూ గీయమనలేదు. నాకు సోషల్లో అరవై ఎనిమిది వచ్చాయి. బడి మానలేదు, గంప ఎత్తలేదు. ఆ మార్కుల దయ వల్లే ఇవాళ నెల జీతం తీసుకుంటున్నాను, అది తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

అయ్య పోయి పదకొండేళ్ళయింది. తాటాకు ఇళ్ళ చోట రెండంతస్తుల డాబాలొచ్చాయి, తెప్పల బదులు ఫైబర్ బోట్లొచ్చాయి, బోటు మీద ఉన్న కుర్రాళ్ళకి ఒడ్డు వైపు చూడాల్సిన పనే లేదు, అరచేతిలో పట్టే మెషిన్ దారి చూపిస్తుంది. చేపలు మాత్రం తగ్గిపోయాయి. పోయిన ఆదివారం అన్నయ్య కొడుకు ఆ మెషిన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అత్తా, తాత తన సోటు నీకొక్కదానికే సెప్పేడంట కదా. సెప్పు, ఇందులో నొక్కేత్తాను."

చర్చి కొండ, లైట్‌హౌస్ కొండ అని చెప్పాను. రెండో జత కోసం వాడు వేలు అలాగే మెషిన్ మీద పెట్టుకుని ఎదురు చూశాడు. అక్షాంశాలు, రేఖాంశాల పాఠంలో ఏటా నేను చెప్పేదే ఇది. ఒక గీత మీద ఎంత దూరం పోయినా చోటు దొరకదు, దాన్ని ఇంకో గీత కోసినప్పుడే చోటు. గుర్తు రావడం లేదురా అన్నాను. మర్చిపోయానని వాడు అనుకున్నాడు, "పర్లేదులే అత్తా" అని మెషిన్ జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మర్చిపోతే ఇంత బాధ ఉండేది కాదు. ఆ రోజు పుస్తకంలోంచి తలెత్తి ఉంటే రెండు నిమిషాల పని. డాబా ఎక్కి చూస్తే కొండలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అందులో ఏ రెండింటిని కలిపి చూడాలో ఇక నాకు చెప్పేవాళ్ళు లేరు.