మూడో ముడి

మా గుడివాడ మావయ్యకి కెమెరా పిచ్చి. ఎవరి పెళ్ళికెళ్ళినా అక్షింతలు గాల్లో ఉండగానే ఫోటో తియ్యాలంటాడు. నేల మీద పడ్డాక అవి ఉత్త బియ్యమేనట.

తన పెళ్ళిలోనూ అంతే. రెండు ముళ్ళు వేశాడు. అందరూ అక్షింతలు విసరగానే "ఒక్క నిమిషం పంతులుగారూ" అంటూ కెమెరా అందుకున్నాడు. మూడో ముడి ఆడపడుచు హోదాలో మా అమ్మ వేసింది. "నాకు మొగుడు రెండు ముళ్ళ మేరకే" అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. పైగా ఆ ఫోటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

మొన్న షష్టిపూర్తిలో మళ్ళీ తాళి కట్టించారు. రెండో ముడి పడింది, అక్షింతలు లేచాయి. మావయ్య చెయ్యి పీట పక్కన తడుముతోంది.

అత్తయ్య వంచిన తల ఎత్తకుండానే అంది: "కెమెరా నా ఒళ్ళో ఉంది. మూడోది వేశాక ఇస్తాను."