బావిలో రెండింతల మందు

మా తాతయ్యకు లోకంలో రెండే రంగులు. ఒకటి తన పంచె తెలుపు, రెండోది ఊళ్ళో ఎదుటి పార్టీ పెద్దాయన పంచె తెలుపు. మొదటిది రెండోదాని కంటే పిసరంత ఎక్కువ తెల్లగా ఉండాలి. ఆ పంచెలు వేరే చేతికి ఇచ్చేవాడు కాదు. సబ్బుతో, నీలిమందుతో, గంజితో ఏళ్ళ తరబడి యుద్ధం చేసే భాగ్యం మా నాయనమ్మకే దక్కింది.

ఎనభైల్లో ఒక వేసవి. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ పరీక్షలు రాసి, రెంటచింతల దగ్గర మా ఊరికి వచ్చాను. గుంటూరులో బీఎస్సీ చేరాలి, అదీ కెమిస్ట్రీతో. నా ప్రాణమంతా దానిమీదే ఉంది. మా నాన్న సరేనన్నాడు గానీ, ఆ ఇంట్లో నాన్న సరే అంటే చీపురుపుల్ల కూడా కదలదు. తాతయ్య ఒప్పుకోవాలి. ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు.

"ఆ రంగునీళ్ళ చదువు ఇంక చాల్లే అమ్మా."

రంగునీళ్ళ చదువు అనటంలో అబద్ధమేమీ లేదు. లిట్మస్ కాగితం ఆమ్లంలో ముంచితే ఎరుపు, క్షారంలో ముంచితే నీలం. రెండేళ్ళూ నేను చేసింది అదే. అన్నిటికంటే నాకు నచ్చింది పొటాషియం పర్మాంగనేట్. అందులో ఉండే మాంగనీసుకు ఆక్సీకరణ సంఖ్య ఏడు ఉన్నప్పుడు నీళ్ళు వంకాయ రంగు. నాలుగుకు దిగితే టీ మరక రంగు. రెండుకు దిగితే రంగే కనపడదు. పుస్తకంలో చదివితే ఇది నా బుర్రకెక్కలేదు. ల్యాబులో నా స్నేహితురాలి తెల్ల ఓణీ మీద ఆ మందు ఒలికి, హాస్టలుకు వచ్చేసరికి టీ రంగు మరక కట్టింది. మెస్సులో దొరికిన నిమ్మచెక్కతో రుద్దితే పోయింది. మర్నాడు లెక్చరర్‌ని అడిగాం. ఏడు కాస్తా నాలుగైంది, నిమ్మరసం ఆ నాలుగును రెండు చేసింది, అంతేనమ్మా అన్నాడు. ఒకటి దిగాలంటే పక్కన ఇంకోటి ఎక్కాలనీ, ఈ పని ఒంటరిగా ఎప్పుడూ జరగదనీ కూడా చెప్పాడు.

ఆ స్నేహితురాలు ఎవరో కాదు, ఎదుటి పార్టీ పెద్దాయన మనవరాలే. హాస్టల్లో ఒకే కంచంలో తినేవాళ్ళం. ఊళ్ళో బస్సు దిగామా, మొహాలు తిప్పుకునేవాళ్ళం. తిప్పుకోవటం ఇద్దరికీ బాగానే వచ్చు, నవ్వు ఆపుకోవటమే కష్టం. వాళ్ళ తాత కూడా దానికి డిగ్రీ వద్దన్నాడు.

ఆ ఎండల్లో ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బావుల్లో పర్మాంగనేట్ వేయటానికి ఆసుపత్రి నుంచి ఒకాయన సైకిలు మీద సంచితో వచ్చాడు. ఎదుటి పార్టీ వాళ్ళు పంపించారేమోనని తాతయ్య అనుమానం. వాకిట్లోనే ఆపి, మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఆయన మజ్జిగ తాగి వెళ్ళి వాళ్ళ బావిలో మందు వేశాడు. సాయంత్రానికి ఆ నీళ్ళు గులాబీ రంగు తిరిగాయని ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. గవర్నమెంటు మందు వాళ్ళకు దక్కి తనకు దక్కకపోయేసరికి తాతయ్యకు అన్నం సహించలేదు. మర్నాడు సైకిలాయనకు కబురు పెట్టాడు.

"ఆళ్ళ బాయిలో ఎంతేశావో, దానికి రెండింతలు నా బాయిలో ఎయ్యి."

అట్లా వేయకూడదని ఆయన చెప్పబోయాడు. నేనూ చెప్పబోయాను. పల్నాటిలో పార్టీ పెద్దకు చెప్పబోయినవాళ్ళే గానీ చెప్పినవాళ్ళు లేరు. రెండింతలు పడింది. కబురు తెలిసిన గంటలోనే ఎదుటి పెద్దాయన తన బావిలో ఇంకో రెండు గుప్పిళ్ళు వేయించుకున్నాడు. సైకిలాయన ఖాళీ సంచి దులుపుకుని, తేలిగ్గా పెడలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. మా నీళ్ళు వంకాయ రంగు, వాళ్ళవి ముదురు వంకాయ. తాగటానికి బడి దగ్గర బోరింగు నీళ్ళే అందరికీ గతి అయ్యాయి.

రంగుదైతే ఏం, నీళ్ళు నీళ్ళేగా అనుకుంది నాయనమ్మ. తాతయ్య పంచెలన్నీ ఆ నీళ్ళలోనే నానబెట్టింది. పొద్దున తీస్తే అన్నీ టీ రంగు. సబ్బు పెట్టింది, చాకలి సోడా పెట్టింది, బండకేసి బాదింది. క్షారాలన్నీ అయిపోయాయి, రంగు మాత్రం కదల్లేదు. మర్నాడే బడి వరండాలో సాగర్ కాలువ నీళ్ళ వంతు మీద రెండు పార్టీలకూ రాజీ. నాయనమ్మ బావి గట్టు మీద కూలబడి ఏడ్చింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

నిమ్మకాయలు కావాలన్నాను. ఆవిడ ఏడుపు టక్కున ఆగింది. ఊరగాయకని తెప్పించిన గంపెడు కాయలవి, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. పంచె కావాలా, పచ్చడి కావాలా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, చివరికి కత్తిపీట తెచ్చింది. బోరింగు నీళ్ళు మోసుకొచ్చి, రసం పిండి, పంచెలు అందులో తడిపి, చెక్కలతో రుద్ది ఎండలో ఆరేశాం. రుద్దిన మేరకల్లా నాలుగు రెండవుతూ వచ్చింది. సాయంత్రానికి తెలుపు తిరిగొచ్చింది గానీ, తాతయ్య పక్కన కూర్చుంటే రెండు రోజులు పులిహోర గుర్తొచ్చేది.

రాజీకి తాతయ్య తెల్లగా వెళ్ళాడు. ఎదుటి పెద్దాయన ఇస్త్రీ చేసిన టీ రంగు పంచెలో వచ్చాడు. నిమ్మకాయ ఉపాయం నా స్నేహితురాలికీ తెలుసు. డిగ్రీ వద్దన్నాడన్న కోపంతో నోరు మూసుకుని కూర్చుంది. తాతయ్య ఎంత పొంగిపోయాడంటే, నెలరోజులుగా కర్రలు పట్టుకుని కొట్లాడుకుంటున్న నీళ్ళ వంతును, ముందు మీరే పెట్టుకోండి బావా, అని వదిలేసి వచ్చాడు.

ఇంతకంటే మంచి అదను రాదని ఆ పూటే డిగ్రీ మాట ఎత్తాను.

"నిమ్మకాయ పిండటానికి గుంటూరు దాకా ఎందుకమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అక్కడే ఉంటే ఏడుస్తానని బిందె తీసుకుని బోరింగుకు వెళ్ళాను. నా స్నేహితురాలూ ఖాళీ బిందెతో వచ్చింది. నేను కొడుతుంటే అది బిందె పట్టింది, అది కొడుతుంటే నేను పట్టాను. మొహాలు చెరోవైపు పెట్టుకునే మాట్లాడుకున్నాం. ఈ పని ఒంటరిగా జరగదన్న లెక్చరర్ మాట అదే గుర్తు చేసింది.

ఆ పూట అన్నాల దగ్గర నేను నాయనమ్మతో, తాతయ్యకు వినపడేటట్టు, ఎదుటివాళ్ళ పిల్లను బీఎస్సీలో చేరుస్తున్నారట అన్నాను. ఊరి ఆ చివర అది వాళ్ళమ్మతో నా గురించి అదే మాట అంది.

తాతయ్య ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఆళ్ళ పిల్ల బీఎస్సీ అయితే నువ్వు ఎమ్మెస్సీ."

ముందు బీఎస్సీ చెయ్యకుండా ఎమ్మెస్సీ ఇవ్వరని వినయంగా చెప్పాను. చెయ్యి, ఎవరొద్దన్నారు, అని విసుక్కున్నాడు. మర్నాటికి వాళ్ళింట్లో దాన్ని పీహెచ్‌డీ దాకా చదివించాలని తీర్మానమైంది. ఇంకో రోజు గడిస్తే మా ఊళ్ళోనే కాలేజీ కట్టేవాళ్ళేమో.

ప్రయాణం రోజు బస్సు దగ్గరికి తాతలిద్దరూ తెల్లపంచెలతో వచ్చారు. నేను ముందు సీట్లో, అది వెనక సీట్లో కూర్చున్నాం. తాతయ్య కిటికీలోంచి గుడ్డ సంచి ఇచ్చాడు. నాయనమ్మ మళ్ళీ కాయలు తెప్పించి పెట్టిన నిమ్మకాయ పచ్చడి, రెండు సీసాలు.

"చిన్నది నీకు. పెద్దది ఆ పిల్లకియ్యి. ఆళ్ళింట్లో పచ్చడికి ఉప్పు చాలదు."

"ఏ పిల్లకి తాతయ్యా?" అన్నాను, వీలైనంత అమాయకంగా.

ఆయన వెనక సీటు వైపు కన్నెత్తి చూడలేదు. "నువ్వు బోరింగు కొడతంటే బిందె పట్టిన పిల్లకి."

బస్సు కదిలింది. మలుపు తిరిగాక అది వచ్చి నా పక్కన కూర్చుంది. పెద్దది నీకట అని సంచి దాని ఒళ్ళో పెట్టాను. సీసాలు రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూసింది. దానిది నాదానికి సరిగ్గా రెండింతలుంది.