దుక్కాలె పులిసిన గుంట తెరిచిన ఏడాది

పులిసిన వేసె వాసన తగిలితే దుక్కాలెకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఆమె కొత్త కోడలిగా సిదామా కొండల్లో అడుగుపెట్టిన రోజుల్లో ఇంటి వెనకంతా వేసె తోటే. చూపుకి అరటే గానీ గెల కోసం పెంచరు. బోదెనీ దుంపనీ గీకి, ఆకులు పరిచిన గుంటలో నెలల తరబడి పులియబెట్టి రొట్టె కాల్చుకుంటారు. గీకడం ఆడవాళ్ల పని. మగాడు అటు తొంగిచూస్తే నవ్వులపాలే. గీకే వెదురు బద్దలు ఆడుతుంటే అత్తగారు పాట ఎత్తుకునేది, పక్కిళ్ల వాళ్లు గొంతు కలిపేవారు. మొగుళ్ల మీద చాడీలన్నీ అక్కడే.

అత్తగారు పోయాక ఊళ్లోకి నమిలితే మత్తెక్కే చాట్ ఆకు పిచ్చి వచ్చింది. పట్నం లారీలు గుమ్మం ముందుకే వచ్చి కొనుక్కెళ్లేవి.

"అందరూ రేకుల ఇళ్లు కడుతున్నారే. ఈ వేసె పీకేసి మనమూ చాట్ వేద్దాం. పిండి కొనుక్కోవచ్చు," అన్నాడు మొగుడు లమిసో.

"లారీ రాని రోజున ఏం తింటావయ్యా? ఆకు నములుతావా? నమిలితే ఆకలి చచ్చిపోతుందట, అదీ లాభమేలే!"

అతను కోపంతో ముందువైపు సగం నరికేశాడు. మిగతా సగానికి ఆమె అడ్డం నిలబడింది. నరికిన చోట అతను చాట్ నాటాడు. పొరుగింటి బషానె అయితే ఆ తోటని "ముసలమ్మ తోట" అని ఎగతాళి చేసేది.

తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. చాట్ మాడిపోయింది, లారీలు మానేశాయి, సంతలో మొక్కజొన్న పిండిని ముట్టుకునేట్టు లేదు. ఒకరోజు బషానె ఖాళీ బుట్టతో కంచె దగ్గర నిలబడింది.

"వదినా, పిల్లలు..."

దుక్కాలె ఆ మాట పూర్తవనివ్వలేదు. "బద్ద తెచ్చుకున్నావా? అలా నిలబడతావేం, లోపలికి రా."

ఆ రోజు గుంట తెరిచారు. అందులోది అయిపోయేలోగా ఇంకో నాలుగిళ్ల ఆడవాళ్లు వచ్చారు. ముదరని చెట్లనీ కొట్టాల్సి వచ్చింది. లమిసో బోదెలు మోసుకొచ్చి పడేశాడు.

"బావకి కూడా ఓ బద్ద ఇవ్వండే!" అంటూ ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"ఇవ్వండి, గీకుతాను. ఎవరు నవ్వితే నాకేం?" అని అక్కడే చతికిలబడ్డాడు. ఆ మాటకి దుక్కాలె ఎన్నాళ్లకో మనసారా నవ్వింది.

వాన పడేనాటికి తోట బోడిగా మిగిలింది. కానీ కొన్ని దుంపలని ఆమె ఎవరికీ చెప్పకుండా మట్టిలో పాతి ఉంచింది. ఒక్కో దుంప చుట్టూ గుంపులు గుంపులుగా పిలకలు లేచాయి. ఇంటింటికీ పంచింది. అవి ముదిరేదాకా ఏళ్లతరబడి అందరూ అర్ధాకలితోనే నెట్టుకొచ్చారు, కానీ ఎవరూ ఊరు విడిచి పోలేదు.

లమిసో ఇప్పుడు లేడు. గీకడానికి మరలు వచ్చాయి. మణికట్టు నొప్పి తప్పినందుకు సంతోషమే గానీ, ఆ పాటల గోల లేక పెరడు మూగబోయినట్టుంటుంది ఆమెకి. సంతకి వెళ్లేటప్పుడు ప్రతి ఇంటి వెనకా ఆగి చూస్తుంది.

"ఇవన్నీ మా దుంప పిల్లలే," అంటుంది, పక్కన నడిచే బషానెతో.

"అయితే మా రొట్టెలో వాటా అడుగుతావా ఏంటి వదినా?"

"అడగనా మరి? వెన్న కూడా రాసి పెట్టు."